తల ఊపొద్దని ఒక్క మాట

నాకు చిన్నప్పటినుంచీ అనుమానం ఎక్కువ. హరూర్ అని బోర్డు పెట్టుకున్న బస్సెక్కి, ఇది హరూర్ పోతుందా అని కండక్టరును అడుగుతాను. ఆయన అవునన్నాక పక్క సీటామెను కూడా అడుగుతాను. పాల ప్యాకెట్ కత్తిరించగానే వాసన చూస్తాను, కాచాక ఇంకోసారి చూస్తాను. మా ఆయన దీనికంతా అలవాటు పడిపోయాడు గానీ, కౌన్సెలింగ్ పనిలో చేరుతున్నానని చెప్పిన రోజు మాత్రం నవ్వాపుకోలేకపోయాడు. "ఎవుర్నీ నమ్మనిదానివి, నిన్ను నమ్మి ఎవురు చెప్తారు?" అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడు. ఆ మాట కొన్నాళ్ళకు నిజమై కూర్చుంది.

నేను పనిచేసేది తమిళనాట ధర్మపురిలో, ఒక చిన్న సంస్థలో. వారానికి రెండు రోజులు హరూర్ దారిలో ఉన్న ఒక శరణార్థుల క్యాంపుకు పోవాలి. శ్రీలంకలో యుద్ధం జరుగుతున్నప్పుడు పడవలెక్కి వచ్చిన తమిళులు వాళ్ళు. వచ్చి ముప్పై ఏళ్ళు దాటిపోయింది. ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు. మగవాళ్ళు పెయింటింగ్ పనులకు హోసూరు, కుప్పం దాకా పోయి వస్తుంటారు. అయినా కాగితాల్లో ఇంకా శరణార్థులే. నెలకొకసారి గవర్నమెంటు ఆఫీసునుంచి రిజిస్టరు పట్టుకుని మనుషులొస్తారు. పేరు పిలిచినప్పుడు ప్రతి ఒక్కరూ ఎదురుగా వచ్చి నిలబడి, తాము ఇక్కడే ఉన్నామని చూపించుకోవాలి. దాన్ని అందరూ చెకింగ్ అంటారు.

మా శిక్షణలో ఒక మంచి సంగతి చెప్పారు. మనిషిలో జబ్బును తర్వాత వెతకండి, ముందు బలాన్ని వెతకండి అని. మాకిచ్చిన ఫారంలో మొదటి గడి కూడా అదే. నేను మొదటిరోజు మొదటి ఇంట్లో చాప మీద కూర్చుని, పెన్ను తీసి, ఎంతో ప్రేమగా అడిగాను: "ఈ ఇంట్లో ఎవరెవరికి ఏమేం బలాలున్నాయి?" అక్కడున్న ముసలావిడ నా ముఖం చూసింది, పెన్ను చూసింది, లోపలి గదివైపు చూసింది. "ఈ ఇంట్లో బలమున్నోళ్ళు ఎవురూ లేరు తల్లీ. నాకు మోకాళ్ళు పనిచెయ్యవు, వానికి ఆయాసం, కోడలికి రక్తం లేదు" అంది. వాళ్ళు మాట్లాడేది వాళ్ళ ఊరి తమిళం. మనుషుల మాటలు రాయాలంటే నాకు మా ఇంటి తెలుగే నోటికొస్తుంది, అందుకని అట్లాగే రాస్తున్నాను.

పక్కింట్లోనూ అందరూ రోగిష్ఠులే. ఆ పక్కింట్లో, చంకనొక బిందె, చేతినొక బిందె పట్టుకుని చకచకా నడిచొస్తున్న కూతుర్ని చూపించి, దానికి నడుము పడిపోయిందని చెప్పింది తల్లి. వీళ్ళు నాతో ఆడుకుంటున్నారని నాకు ఒళ్ళు మండింది. యుద్ధం రోజుల్లో పోరాటానికి ఇంటికొక మనిషిని పంపమని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా ఇట్లాగే చాప మీద కూర్చుని, ఇట్లాగే మర్యాదగా, ఇంట్లో గట్టివాళ్ళెవరని అడిగేవాళ్ళట. ఆ సంగతి నాకు చెప్పడానికి వాళ్ళకు ఆరు నెలలు పట్టింది.

దానికి తోడు నా నోట్‌బుక్. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడడమే గానీ రాయడం, చదవడం లేదు. వందల ఏళ్ళ కిందట ఎప్పుడో ఇటు వచ్చి మెట్ట సేద్యంలో పడ్డవాళ్ళం. మా పుట్టిల్లు ఏరియూరు పక్క. బడి తమిళం, సంత తమిళం, గుడిలో అర్చన చీటీ కూడా తమిళం. తిరుపతిలో చదివిన రెండేళ్ళలో హాస్టల్ గదిలో పక్క మంచాల వాళ్ళ దగ్గర నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక వాటికొక మంచి ఉపయోగం దొరికింది. మా అత్త మీద కోపం వచ్చినప్పుడల్లా వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ కింద తెలుగులో రాసేదాన్ని. ఆమెకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. దాని ముందు నిలబడి, "ఏంటికే ఇది?" అనేది. గ్యాస్ వచ్చిన తేదీ అత్తా అనేదాన్ని. "నెలకు పదిసార్లు వస్తాదా గ్యాసు?" అనేది. అనుమానం మా ఇంట్లో నా ఒక్కదాని సొత్తు కాదు.

ఆ తెలివితోనే క్యాంపు వివరాలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. క్యాంపులో ఎవరూ చదవలేరు, మా ఆఫీసులో ఎవరూ చదవలేరు. బస్సులో మరిచిపోయినా భయం లేదు. ఒకరి గుట్టు ఇంకొకరికి చేరే దారే లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నెల తిరిగేసరికి నేను వస్తుంటే తలుపులు మూసుకోవడం మొదలైంది. ఒక వారం టీ ఇచ్చినామె తర్వాతి వారం నన్ను చూసి నీళ్ళకని పోయేది, చేతిలో బిందె ఉండేది కాదు. అదే సమయంలో మా ఆఫీసులో నాకొక పని అప్పజెప్పారు. క్యాంపులో సగం మందికి, బయట ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టే ఒకామె ఉంది. నలభై ఏడేళ్ళు ఉంటాయి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, ధర్మపురిలో నర్సింగ్ చదువుతోంది. ఆమె రెండు నెలలుగా ఇంట్లోంచి బయటికి రావడం లేదట, పోయి చూడమన్నారు. పోతే ఆ ఇంటికి బయటినుంచి తాళం వేసి ఉంది.

తాళం ముందు నిలబడి ఉండగా తలైవర్ వచ్చాడు. తలైవరంటే క్యాంపు వాళ్ళు తమలోంచి ఎన్నుకున్న పెద్దమనిషి. అరవై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "ఆయమ్మ సేలం ఆస్పత్రికి పోయింది మేడం" అన్నాడు. సరేనని నాలుగడుగులు నడిచానో లేదో, ఆ తాళం వేసిన తలుపు వెనక కుట్టుమిషను టకటకా మొదలైంది. నేను ఆగాను. మిషను కూడా ఆగింది. నేను నడిచాను. మిషను నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే తలైవర్ ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆ రోజు బస్సులో కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను: తలైవర్ ఏదో దాస్తున్నాడు, ఈయన చెప్పేది ఒక్కటీ నమ్మకూడదు.

తర్వాతి వారం నేను పోయేసరికి బడి గది ముందు పదిమంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నాకోసమే కూర్చున్నారని తెలిసిపోయింది. "మేడం, ఆ నోట్‌బుక్ ఒకసారి ఇట్లియ్యండి" అన్నాడు తలైవర్. అందులో అందరి సొంత విషయాలు ఉంటాయి, ఎవరికీ చూపించనని చెప్పాను. మా శిక్షణ ప్రకారం అది సరైన జవాబు. అక్కడ అంతకంటే చెడ్డ జవాబు ఇంకొకటి లేదు.

"మీరు చూపించరు. అది సింహళం గదా" అన్నాడాయన.

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరో నా భుజం మీదుగా తొంగి చూశారట. గుండ్రంగా, గొలుసు మాదిరి అక్షరాలు కనబడ్డాయట. "మాకు చదివేది రాదు మేడం. ఆ గుండ్రాలు మాత్రం మరిచిపోము. చెక్‌పోస్టు బోర్డు మీద చూసినాము, మిలిటరీ లారీల మీద చూసినాము. వాళ్ళకోసరం మా పేర్లు రాసుకోను వచ్చినారా?" అన్నాడు. నాకు పెద్దగా నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకామె ఒళ్ళోని బిడ్డను ఎత్తుకుని లేచి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

అది తెలుగు, మా ఇంటి భాష అని చెప్పాను. మీరు తమిళామె కదా అన్నారు. ధర్మపురిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పబోయాను, ఎవరూ వినలేదు. కుప్పంలో పెయింటింగ్ పనికి పోయే ఒకాయన మాత్రం దగ్గరకొచ్చి చూసి, "ఆంధ్రా షట్టర్ల మీద ఇట్లాంటివే చూసినాను" అన్నాడు. తలైవర్ ఆ పెయింటరును కూడా అనుమానంగా చూశాడు. "అట్లయితే చదవండి. కడాకు రాసింది చదివి, అర్థం చెప్పండి" అన్నాడు నాతో.

చివరగా రాసింది ఏమిటో నాకు బాగా తెలుసు. అబద్ధం చెబుదామనే అనుకున్నాను. ఈరోజు ఎండ ఎక్కువ అని అర్థం చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. కానీ ఆ పెయింటరుకు చదవడం రాకపోయినా, వింటే తెలుస్తుందని అతని ముఖం చూడగానే తెలిసిపోయింది. వేరే దారి లేక చదివాను. నేను తమిళంలో అర్థం చెప్పేలోపు అతనే చేత్తో నోరు మూసుకుని కిసుక్కున నవ్వి, "తలైవర్ ఏమో దాస్తా ఉండాడంట. ఈయన చెప్పేది ఒక్కటీ నమ్మకూడదంట" అని అందరికీ వినబడేట్టు చెప్పేశాడు.

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. తలైవర్ వంగి నోట్‌బుక్‌లోకి చూశాడు. "ఇది సింహళం కాదులే. వాళ్ళు మా గురించి ఇంత సరిగ్గా రాయరు" అన్నాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఆ రోజునుంచి నేను ఏది రాసినా వాళ్ళ ముందే, వాళ్ళు చదవగలిగే తమిళంలో, రాయమంటారా అని అడిగి రాస్తున్నాను.

అందరూ పోయాక తలైవర్ నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. మూడు నెలల కిందట చెకింగ్ పద్ధతి మారింది. ఇదివరకు రిజిస్టరులో సంతకం పెడితే సరిపోయేది, ఇప్పుడు ఫోన్‌లో ముఖం ఫోటో తీస్తున్నారు. ఆ మొదటి రోజు జాకెట్లు కుట్టే ఆమె వరసలో నిలబడి, తన వంతు ఇంకా రాకముందే వెనక్కి తిరిగి ఇంటికి పోయిందట. అప్పటికెట్లో ఆఫీసరును బతిమాలి తర్వాత సంతకం పెట్టించాడు. తర్వాతి రెండు నెలలూ ఆమె బయటికే రాలేదు.

"ఒకసారి ఆస్పత్రి అన్నాను. ఇంకోసారి చుట్టాల్లో చావన్నాను. మూడోసారి చెప్పను నా దగ్గర ఏమీ లేదు మేడం. మూడోసారి మనిషి కనబడకపోతే పేరు పక్కన పెట్టేస్తారు. విచారణ ముగిసేదాకా బియ్యం రాదు, సాయం రాదు, ఆ పిల్ల కాలేజీకి ఇయ్యాల్సిన కాగితం రాదు. ఫోటో అంటే ఏమో భయం పట్టుకున్నాది. మా ఊరి పిల్ల మేడం, నా కండ్ల ముందర పెరిగింది" అన్నాడు. చెకింగ్‌కు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆస్పత్రిలో డాక్టరును కలిసి, ఆమెకు బాగాలేదని ఒక లెటర్ రాయిస్తే ఆఫీసులో ఒప్పుకుంటారేమో అన్నాను. "పిచ్చి అని కాగితమా? రేపు ఆ బిడ్డకు పెండ్లి చూసేటప్పుడు ఆ కాగితం ఎవురి చేతిలో ఉంటాదో! ఆ మాట ఎత్తితే మీరు మళ్ళా ఆ గడప తొక్కలేరు" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని నమ్మాను.

మర్నాడు నేను ఫారం తీసుకుపోలేదు. ఒక ముదురు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తీసుకుపోయాను. నా గుడ్డ ధర్మపురిలో ఒక టైలరుకు తప్ప ఇంకొకరికి ఇచ్చినదాన్ని కాదు, అతను కూడా మిగిలిన ముక్క తిరిగివ్వకపోతే రచ్చ చేసేదాన్ని. తలైవర్ తాళం తీసి వెళ్ళిపోయాడు. లోపల ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. సన్నటి మనిషి, కళ్ళకింద నలుపు. నేను జాకెట్టు కుట్టాలని మాత్రమే చెప్పాను. ఆమె మాట్లాడకుండా లేచి, మెడలోని టేపు తీసి కొలతలు తీసుకుంది. ఒక పాత నోట్‌బుక్ తెరిచి ఒక్కొక్కటీ రాసుకుంటోంది. నేను అనుమానం ఆపుకోలేక మెడ చాచి చూశాను.

అంకెలు ఉన్నాయి గానీ నా పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఒక కన్ను బొమ్మ వేసి ఉంది. పై పేజీలో ఒకరికి దువ్వెన, ఒకరికి గొడుగు, ఒకరికి చేప.

"నాకు కన్నెందుకు?" అన్నాను.

"మీరు అన్నీ చూస్తారు గదా అక్కా" అంది. అదే ఆమె నాతో మొదట మాట్లాడిన మాట. "పేర్లు రాయను. ఎవురి నోట్‌బుక్ ఎవురి చేతికి పోతాదో ఎవురికి తెలుసు?" నాకు శిక్షణ ఇచ్చినవాళ్ళకు ఆమెతో పాఠం చెప్పించాలనిపించింది.

నేను ఆమె బాధ గురించి ఏమీ అడగలేదు. కుట్టడం ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదట, చిరిగిన జాకెట్లు విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకుందట. టేపు లేకుండా ఎంతమంది కొలతలు చెప్పగలవని అడిగితే, క్యాంపులో ఆడవాళ్ళందరివీ అంది. ఎవరికి నడుము రెండంగుళాలు పెరిగిందో, మొగుడికంటే ముందు తనకే తెలుస్తుందట. ఎవరి భుజం ఏ చావు తర్వాత వాలిపోయిందో చెప్పింది. ఎవరైనా తిండి మానేస్తే చంక దగ్గర గుడ్డ వదులౌతుందట, అట్లాంటి వాళ్ళింటికి ఆదివారం కూతురు వచ్చినప్పుడు కూర పంపిస్తుందట. నేను ఫారం పట్టుకుని ఇంటింటికీ తిరిగి కనుక్కోలేనివన్నీ ఈమెకు కూర్చున్న చోటే తెలుసు. చెప్పేటప్పుడు ఆమె వెన్ను నిటారుగా ఉంది.

జాకెట్టు తీసుకోవడానికి మళ్ళీ పోయినప్పుడు ఆమే నన్నొక ప్రశ్న అడిగింది. ఎవరూ చదవని అక్షరాల్లో రాసే అలవాటు నాకెట్లా వచ్చిందని. మా అత్త, క్యాలెండరు, గ్యాసు కథ చెప్పాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, మిషను చక్రం మీద చెయ్యి పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"నాకప్పుడు పన్నెండేండ్లు. మిలిటరీ వచ్చి ఊళ్ళో అందర్నీ బడి మైదానంలో నిలబెట్టినారు. ఒక్కొక్కర్నీ జీపు ముందర నడవమన్నారు. జీపులో ఒక మనిషి, తలకు గోనెసంచి. కండ్ల దగ్గర రెండు బొక్కలు కత్తిరించినారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మా ఊరోడే ఎవురో. ఆ మనిషి మాట్లాడడు. తల ఊపితే, ముందర నిలబడినోన్ని పక్కకు లాగుతారు. ఊపకపోతే ఇంటికి పోవచ్చు. మా అన్న నా ముందర నడిచినాడు. సంచి ఊపింది."

ఆ అన్న మళ్ళీ ఇంటికి రాలేదు. ఆమె చక్రాన్ని ఒక చుట్టు తిప్పి ఆపింది.

"నాకు ఫోన్ భయం కాదు అక్కా. ఫోటో ఎన్నైనా తీసుకోనీ. ఈ ఆఫీసరు కొత్తోడు, మమ్మల్ని ఎరగడు. మేము ముందరికి పోయి నిలబడితే, పక్కన కుర్చీలో కూర్చున్న ఆయన్ని చూసి, వీళ్ళేనా అని అడుగుతాడు. ఆయన తల ఊపుతాడు."

పక్కన కుర్చీలో కూర్చునేది తలైవర్. ఆయన ఆమె పేరు కాపాడటానికి రెండు నెలలుగా అబద్ధాలాడుతున్నాడు, తాళాలేస్తున్నాడు. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది మాత్రం ఆయన తల ఊపడమే. ఈ మాట ఆయనకు చెప్పమంటావా అని అడిగాను. ఆమె మిషను మీది గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "చెప్పండి. నేను చెప్పినానని చెప్పండి. తల ఊపొద్దు, నోటితో చెప్పమనండి. అంతే" అంది.

"ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?"

"అడగడు" అంది.

తలైవర్ బడి గది మెట్ల దగ్గర రేషన్ కార్డులు వరసగా పేరుస్తున్నాడు. నేను ఆ ఒక్క మాటే చెప్పాను, చెకింగ్‌లో తల ఊపొద్దట, ఆమె నోటితో చెప్పమంది అని. ఆయన చేతులు ఆగిపోయాయి. మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి "సరి" అన్నాడు. ఎందుకని అడగలేదు.

ఆ రోజు బస్సులో నాకు వేరే ఏమీ తోచలేదు. వత్తల్‌మలై కొండ మీద మబ్బు పట్టి ఉంది, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఏ మనిషైనా ఎందుకని అడుగుతాడు. నేనైతే పదిసార్లు అడుగుతాను. ఆయనది ఆమె ఊరే. అప్పటికి ఆయనకు పాతికేళ్ళుంటాయి. మా ఊరోడే ఎవురో అని ఆమె అననే అంది. ఇంకోపక్క ఆలోచిస్తే, ఆయన కూడా అదే మైదానంలో, అదే వరసలో నిలబడి ఉండొచ్చు, అందుకే చెప్పకుండానే అర్థమై ఉండొచ్చు. సంచి కింద కూర్చున్నవాళ్ళను కూడా ముందు చితకబాది కూర్చోబెట్టేవాళ్ళని తర్వాత విన్నాను. ఎటు తిప్పినా నా బుర్ర ఆ కళ్ళజోడు దగ్గరికే వచ్చి ఆగేది. ఇంట్లో చెప్పకూడదు, ఆఫీసులో చెప్పదలుచుకోలేదు. అడగాలని నాలుక పీకేది.

చెకింగ్ రోజు పొద్దున పదింటికే బడి గది ముందు బల్ల వేశారు. ఆఫీసరు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, పక్కన రిజిస్టరు, ఆ పక్క కుర్చీలో తలైవర్. నేను గోడవారగా నిలబడ్డాను. మొదటి మనిషి ముందుకొచ్చాడు. "ఇతనేనా?" అన్నాడు ఆఫీసరు. తలైవర్ వెన్ను బిగబట్టి, మెడ కదపకుండా, "ఓం" అన్నాడు. వాళ్ళ తమిళంలో అవునంటే ఓం అంటారు. రెండో మనిషికి ఓం. మూడో మనిషికి ఓం. ఇరవై మంది అయ్యేసరికి ఆఫీసరు విసుక్కుని, "అంత గట్టిగా ఎందుకయ్యా, తల ఊపితే చాలదా?" అన్నాడు. "మెడ పట్టేసింది సార్" అన్నాడు తలైవర్. వరసలో ఎవరో నవ్వారు, ఎవరో ఆ నవ్వును ఆపారు.

వరస తగ్గిపోతోంది. ఆమె ఇంటి తలుపు దగ్గరగా వేసే ఉంది. మిగిలినవాళ్ళు పదిమంది కూడా లేరనగా తలుపు తెరుచుకుంది. ఆమె చీర కొంగు సర్దుకుంటూ వచ్చి చివరన నిలబడింది. ఎవరూ ఆమెను పలకరించలేదు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే జరిగారు, చివరికి బల్ల ముందు ఆమె ఒక్కతే మిగిలింది.

"ఫోన్ వైపు చూడమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆమె ఫోన్ వైపు చూడలేదు. తలైవర్‌నే చూస్తోంది. రెప్ప వేయకుండా చూస్తోంది. "ఈమేనా?" అన్నాడు ఆఫీసరు. తలైవర్ నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మెడ నరాలు తేలాయి గానీ తల వెంట్రుకవాసి కదలలేదు. రెండోసారి అడిగితే, "ఓం" అన్నాడు. అప్పుడామె ఫోన్ వైపు తిరిగింది. ఫోటో పడింది. ఆఫీసరు రిజిస్టరులో టిక్కు పెట్టి, పుస్తకం మూసేశాడు. ఆమె పేరు నిలిచింది.

మొదటిరోజు బలమున్నవాళ్ళు లేరన్న ముసలావిడ నా పక్కగా పోతూ, "ఈ పొద్దు కండ్లు తెరుచుకుని నిలబడినాను తల్లీ" అనేసి ఆగకుండా వెళ్ళిపోయింది. మూడు నెలలుగా ఎంతమంది కళ్ళు మూసుకుని ఆ బల్ల ముందు నిలబడ్డారో నాకు తెలియదు. ఎవరూ చెప్పుకోలేదు, బయటికి రాకుండా ఇంట్లో కూర్చున్నది మాత్రం ఆమె ఒక్కతే.

నేను ఆమె ఇంటికి పోయాను. స్టవ్ మీద టీ పెట్టింది. బాగా నిలబడ్డావని చెప్పాను, ధైర్యం గురించి ఏదో చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "మీకు అడగాలని ఉండాది గదా?" అంది.

"ఏమిటి?"

"ఆ సంచిలో ఉండింది ఎవురని."

ముఖం దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

"మీకు వారం కింద వచ్చింది అనుమానం. నాకు పడవలోనే వచ్చింది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదా?"

"అడిగి? అవునంటే నేనెట్ల ఈ క్యాంపులో ఉండేది, ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేది? కాదంటే నమ్ముతానా? ఆ పడవలో నాకు జ్వరం. తన దగ్గరుండిన నీళ్ళన్నీ నాకే తాపినాడు. నా పెండ్లిలో మా అన్న నిలబడాల్సిన చోట నిలబడినాడు. నా మొగుడు పోయినప్పుడు మూడు దినాలు నా బిడ్డను భుజం మీదనుంచి దించలే. అదీ నిజమే, ఇదీ నిజం కావచ్చు. రెండూ నా దగ్గరే ఉండనీ. మీరు మాత్రం అడగొద్దు అక్కా. ఆయన ఈ పొద్దు తల ఊపలే. నాకు దాంతో సరి."

నాకు సిగ్గేసింది. అనుమానం వస్తే ఎవరో ఒకరి నెత్తిన పెట్టేదాకా నాకు ఊపిరాడదు. ఈమె పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచి దాన్ని ఎవరి మీదా పెట్టకుండా, ఆ మనిషికి మూడిళ్ళ అవతలే బతుకుతోంది. నేను అడగనని మాటిచ్చాను. ఇప్పటిదాకా అడగలేదు.

బయట ఆఫీసు జీపు వెళ్ళిపోయిన చప్పుడైంది. కాసేపటికి తలైవర్ ఒక కుర్చీ భుజాన వేసుకుని, తల వంచుకుని, ఆ ఇంటి ముందునుంచే పోతున్నాడు. క్యాంపులో చిన్నా పెద్దా, ఆమెతో సహా అందరూ ఆయన్ని తలైవర్ అనే పిలుస్తారు. ఆమె గ్లాసులో టీ పోసి, గడపలోకి వచ్చి నిలబడింది.

"అన్నా, టీ పెట్టినాను. తాగి పో" అంది.

ఆయన కుర్చీ కింద పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చాడు.